బూజు పట్టిన గింజ కోడికేనా?



ఐప్పసి నెల ముసురు పట్టింది. ఈసారి మన నెల కూటంలో ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురి నోట వినబడింది. కోళ్ళ మేత మూటలో గడ్డ కడుతోంది, పచ్చగా బూజు కనబడుతోంది, ఏం చేయాలని. జవాబు కూడా అక్కడే దొరికింది. "ఎండ కాసినప్పుడు రెండు గంటలు ఆరబోసి వేసెయ్యండి. కోడే కదా, దానికేమవుతుంది?" అన్నారు నలుగురు.

ఆ ఆఖరి మాట మీదే ఈ వ్యాసం. "కోడే కదా" అన్న మాటకు పెద్ద చరిత్ర ఉంది. అది తప్పని తేలేలోపు ఇంగ్లాండులో లక్ష పక్షులు చచ్చాయి, మన దేశంలో నూరు మందికి పైగా మనుషులు పోయారు. అంత ఖరీదు పెట్టి లోకం నేర్చుకున్న పాఠాన్ని మన ఇళ్ళలో ఉచితంగా తెలుసుకోవచ్చు కదా అని రాస్తున్నాను.

బడిలో నేను చదివింది తమిళం. ఇంట్లో మాట తెలుగు. కాబట్టి నా రాతలో అరవ మాటలు తగులుతాయి. తగిలినచోట అర్థం కూడా చెబుతాను.

గాదె, పాతర, కుదిరు

మన పూర్వీకులు ఈ నేలకు వచ్చి నాలుగైదు వందల ఏళ్ళు. కరిసల్ అంటే నల్లరేగడిలో జొన్న, సజ్జ వేశారు. ఎర్రనేలలో రాగి వేశారు. పండించడం ఎంత పనో, పండినదాన్ని పై పంట దాకా దాచడం అంత పని. దాచే వస్తువులకు రెండు భాషల్లో ఎన్ని పేర్లున్నాయో చూడండి. మనకు గాదె, గరిసె, పాతర. తమిళంలో కుదిరు, పత్తాయం, తొంబై. ఈ తొంబై మన లెక్కలోని తొంభై కాదు, వెదురుతో అల్లి మట్టీ పేడా మెత్తిన గింజల బుట్ట. కుదిరు అంటే కాల్చని మట్టితో ఒక్కొక్క వరసా పేర్చి కట్టిన పెద్ద కాగు. పత్తాయం చెక్కతో చేసిన పెట్టె. వడ్లు బాగా పండే చోట ఉన్నవాళ్ళ ఇంట్లో ఉండేది.

అన్నిటికీ సూత్రం ఒకటే. నేలకు తగలకూడదు, గోడకు తగలకూడదు, పైనుంచి చుక్క పడకూడదు. గాదెను రాళ్ళ మీద ఎత్తి కట్టేవారు. "గాదె కింద పందికొక్కు" అన్న మాట పుట్టింది ఆ సందులోంచే. గింజల్లో వేపాకు కలిపేవారు, రాగుల్లో, పప్పుల్లో బూడిద కలిపేవారు. అన్నిటికన్నా ముందు గింజను పంటితో కొరికి చూసేవారు. కటుక్కుమంటే గాదెలోకి, మెత్తగా నలిగితే మళ్ళీ కళ్ళంలోకి.

పాతర సంగతి వేరు. నేలలో గుంత తీసి, లోపల గడ్డి పరచి, గింజ పోసి, పైన మట్టితో మూసేస్తారు. వాన నీరు నిలవని మెరక చూసి తవ్వాలి. పాతర తెరవగానే మనిషి దిగకూడదని, ముందు దీపం దించి చూడాలని పెద్దలు హెచ్చరించేవారు. దీపం ఆరితే లోపల ఊపిరాడదు. గింజ కూడా ఊపిరి తీస్తుంది, అందులో ఉన్న పురుగూ తీస్తుంది. మూసిన గుంతలో ప్రాణవాయువు అయిపోయాక పురుగు చస్తుంది, గింజ నిద్రపోతుంది. ఇవాళ మూడు పొరల సంచులని అమ్ముతున్నారే, 1980ల చివర అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు ఆఫ్రికాలో కామెరూన్ రైతుల అలసందల కోసం తయారు చేసిన సంచి, దానిలోనూ ఇదే కిటుకు. అయితే పాతరకైనా ఆ సంచికైనా షరతు ఒకటే, లోపలికి పోయే గింజ ముందే ఎండి ఉండాలి. తడి గింజను గాలి తగలకుండా మూస్తే అది పులిసి కంపు కొడుతుంది.

ఇంత శ్రద్ధ ఎవరి కోసం? మనుషుల కోసం, విత్తనం కోసం. కోడికి ఏం దక్కేది? గాదె అడుగున మిగిలిన ముక్కిన గింజ, నూక, తవుడు, చేటలో చెరిగిన చిట్టు. మనం తినలేనిది కోడికి. ఇందులో తప్పు పట్టడానికి లేదు. అప్పటి కోడికి అది చిరుతిండి మాత్రమే. మిగతా కడుపు పేడకుప్పలోని పురుగులతో, గడ్డితో, చెదలతో నింపుకునేది. పైగా గింజ గింజగా వేస్తే కోడి ఏరుకుని తింటుంది. బాగాలేని గింజను ముక్కుతో పక్కకు తోసేస్తుంది. ఏరుకునే ఆ స్వేచ్ఛే దాన్ని కాపాడింది.

మేత పొడి అయ్యాక

కోడిని కొట్టంలో కట్టేసి పెంచడం మొదలయ్యాక ఆ స్వేచ్ఛ పోయింది. మక్కజొన్న, పిండి చెక్క, తవుడు, ఎండుచేపల పొడి అన్నీ కలిపి మర పట్టి ఇస్తే ఏది మంచి గింజ, ఏది చెడు గింజ అని ఏరే వీలు లేదు. చెడ్డది మూటలో పిడికెడున్నా అందరికీ సమంగా పంచబడుతుంది.

గింజ గింజగా ఉన్నంతకాలం దానికి పైతొక్క కాపలా. మర పట్టాక కాపలా లేదు. లోపలి నూనెకు గాలి తగులుతుంది, చెమ్మ తగులుతుంది. తవుడు మరీ సున్నితం. వడ్లు మరాడించిన క్షణం నుంచే తవుడులోని ఒక రసం దాని నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లో కారు వాసన వస్తుంది. అందుకే పెద్ద ఫారాలవాళ్ళు నూనె తీసేసిన తవుడు వాడతారు.

ఈ మేతలో ముఖ్యమైన సరుకు వేరుశనగ చెక్క. తమిళంలో పుణ్ణాక్కు. దక్షిణ ఆర్కాడులో వేరుశనగకు మణిలాక్కొట్టై అని పేరు, ఫిలిప్పీన్సులోని మనీలా ఊరి పేరు మీద. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతపు వేరుశనగ పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సేయి నూనె మిల్లులకు ఓడల్లో పోయేది. 1879లో విళుప్పురం నుంచి పుదుచ్చేరికి రైలు దారి వేశారు. నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు, పొలానికి, తర్వాత కోళ్ళకు. మాంసకృత్తులు నిండుగా ఉండి చౌకగా దొరికే మేత అది. లోకమంతా దాన్ని ఇష్టపడింది. దెబ్బ కూడా దాని ద్వారానే తగిలింది.

1960: పేరు తెలియని జబ్బు

1960లో ఇంగ్లాండులో టర్కీ కోళ్ళ పిల్లలు ఉన్నట్టుండి చావడం మొదలుపెట్టాయి. తిండి మానేసి, రెక్కలు వేలాడేసి, వారం రోజుల్లో పోయేవి. కొద్ది నెలల్లో లక్షకు పైగా చచ్చాయి. బాతుపిల్లలు కూడా పోయాయి. మందుకు లొంగలేదు, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకున్నట్టూ కనబడలేదు. ఏం పేరు పెట్టాలో తెలియక టర్కీ ఎక్స్ జబ్బు అన్నారు. లెక్కల్లో తెలియని అంకెకు ఎక్స్ అని పెడతామే, అలాగ.

చచ్చిన ఫారాలన్నిటిలో కలిసిన విషయం ఒక్కటే తేలింది. అది మేత. మేతలో బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన వేరుశనగ చెక్క ఉంది. దాన్ని పరీక్షించగా అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కనబడింది. చంపింది బూజు కాదు, ఆ బూజు చేసి వదిలిన విషం. బూజు పేరులోని మొదటి అక్షరాన్ని, రెండో మాట ముందు భాగాన్ని కలిపి దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఒక ప్రత్యేకమైన దీపం వెలుగులో పెడితే ఆ విషం నీలంగానో పచ్చగానో మెరుస్తుంది. ఆ రంగుల ఇంగ్లీషు పేర్లను బట్టే బి, జి అని దానిలో రకాలు పెట్టారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఎండలో పోస్తే బూజు పెరగడం ఆగుతుంది. బూజు రాలిపోవచ్చు కూడా. విషం మాత్రం ఎక్కడికీ పోదు. మామూలుగా ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. దొంగను తరిమేశాం కదా అని పోయిన సొమ్ము తిరిగి రాదు కదా, అలాగే. ఇంకో చిక్కు ఏమంటే, పచ్చబూజు కనబడిన ప్రతిచోటా ఈ విషం ఉండాలని లేదు, కంటికి శుభ్రంగా ఉన్న గింజలో లేదనీ లేదు. పరీక్షాశాలలో తప్ప తేలదు.

మన దేశంలో

ఇదంతా సీమ కథ అనుకోవద్దు. 1966లో అప్పటి మైసూరు రాష్ట్రంలో ఈ విషం ఉన్న వేరుశనగ చెక్క తిని రెండు వేలకు పైగా కోడిపిల్లలు చనిపోయాయి. 1982లో చిత్తూరు జిల్లా బ్రాయిలర్ ఫారాల్లోనూ ఇదే తంతు. మన సంఘంలో సగం మందికి ఆ వైపు చుట్టాలున్నారు, పెద్దవాళ్ళను అడిగితే గుర్తుండవచ్చు.

ఈ రెంటికీ మధ్య, 1974లో జరిగింది అన్నిటికన్నా ఘోరం. గుజరాతులోని పంచమహల్, రాజస్థాన్ లోని బాన్స్ వాడా జిల్లాల గిరిజన గ్రామాల్లో మక్కజొన్నే అన్నం. ఆ ఏడు కోత సమయంలో కాలం కాని వానలు పడ్డాయి. తడిసిన కంకులను వేరే దారి లేక అలాగే దాచుకున్నారు, అవే తిన్నారు. ముందు ఊళ్ళో కుక్కలు పొట్ట ఉబ్బి చచ్చాయి. ఆ తర్వాత మనుషులకు కామెర్లు, పొట్టలో నీరు. దాదాపు నాలుగు వందల మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు.

దీని కారణాన్ని తేల్చినవారు హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు. ఆ సంస్థ పుట్టింది మాత్రం మన తమిళనాడులోనే, నీలగిరి కొండల మీద కూనూరులో. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ అనే డాక్టరు అక్కడి పాశ్చర్ ఇన్స్టిట్యూట్ లో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారింది. మనం ఆంధ్రం నుంచి ఇటు వచ్చాం, ఆ సంస్థ ఇటు నుంచి అటు పోయింది.

ఆ గ్రామాల కథలో నన్ను ఆపేసింది కుక్కల సంగతి. పశువులకు, పక్షులకు ఏమవుతుందో చూసి మనుషులు జాగ్రత్త పడాలి. "కోడే కదా" అనుకునేవాళ్ళు ఆ సూచనను చూడలేరు.

మూటలో జరిగేదేమిటి

నాకు సైన్సు చదువు లేదు. చదివి, అడిగి తెలుసుకున్నది నా మాటల్లో చెబుతాను.

గింజకు, చుట్టూ ఉన్న గాలికి ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. గాలిలో చెమ్మ ఎక్కువైతే గింజ పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. ముసురు రోజుల్లో గాలిలో చెమ్మ 85 శాతం, 90 శాతం ఉంటుంది. నోరు తెరిచిన మూట ఆ గాలిలో పది రోజులుంటే, కొన్ననాడు ఎంత ఎండినదైనా మెత్తబడుతుంది. మేతలో తేమ 14 శాతం దాటిందంటే బూజుకు తలుపు తెరిచినట్టే. ఆస్పర్జిల్లస్ కు 25 నుంచి 35 డిగ్రీల వేడి హాయి, అంటే మన ఊరి వాతావరణమే. కోళ్ళ మేతకు భారత ప్రమాణం ఐ.ఎస్. 1374 ఉంది. దాని ప్రకారం తేమ 11 శాతం మించకూడదు.

ఇంకొకటి, మూట చెమర్చడం. పగలు రేకుల కప్పు కింద మేత వేడెక్కుతుంది, రాత్రి పైభాగం చల్లబడుతుంది. లోపలి వేడి ఆవిరి పైకి వచ్చి చల్లని చోట నీటి చుక్కలవుతుంది. వాన పడకపోయినా పై అంగుళం మేత గడ్డ కట్టడానికి కారణం ఇదే. రేకుకు లోపలి వైపు పట్టిన నీరు మూట మీద కారినా అంతే. కింద సిమెంటు నేల ఎండినట్టే కనబడుతుంది గానీ అడుగునుంచి చెమ్మను పీల్చి మూటకు అందిస్తుంది. ఒక మూల బూజు పట్టిందంటే అది ఊపిరి తీస్తూ మరింత వేడిని, మరింత నీటిని పుట్టిస్తుంది. అందుకే చెడిన మూటలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

పాత గోనె సంచికి, ఇప్పటి ప్లాస్టిక్ సంచికి తేడా కూడా ఇక్కడే. గోనె గాలి ఆడనిస్తుంది, కానీ నీరు పీలుస్తుంది. ప్లాస్టిక్ నీరు పీల్చదు, కానీ లోపల చెమర్చినదాన్ని బయటికి పోనివ్వదు. ఏ సంచీ మనకు బదులు కాపలా కాయదు.

తడికి ధర కట్టేది ఎవరు

నా ఉద్యోగం రైల్వేలో గుమాస్తా. చాలా ఏళ్ళు గూడ్సు షెడ్డు లెక్కలు చూశాను. ముసురులో వ్యాగను తలుపు తీస్తే ముందు వాసన చెబుతుంది లోపల ఏముందో. తలుపు దగ్గర మూటలు తడిసి ఉంటే వేరుగా పేర్పించి, రిమార్కు రాసి, ఓపెన్ డెలివరీ అని మూటలు విప్పి చూసి నష్టం కట్టడం ఒక పద్ధతి. మీటర్ గేజు, బ్రాడ్ గేజు కలిసే చోట్ల సరుకంతా కూలీల తలల మీద ఒక బండి నుంచి మరో బండికి మారే రోజుల్లో వానకు గింజ తడవడం సర్వసాధారణం. 1992లో దేశమంతా ఒకే గేజు చేయాలన్న పథకం మొదలయ్యాక ఆ బాధ తగ్గుతూ వచ్చింది. సేలం నుంచి నామక్కల్ మీదుగా కరూరుకు రైలు దారి 2013లో తెరిచారు. ఆ దారితో బీహారు మక్కజొన్న రైలు నామక్కల్ గుమ్మం ముందే ఆగుతోంది. అంతకుముందు సేలంలోనో ఈరోడ్డులోనో దించి లారీల్లో తీసుకుపోవలసి వచ్చేది. ఒక చోట దించి ఎక్కించడం తగ్గిందంటే, ఒక వాన తప్పించుకున్నట్టు.

నామక్కల్ కథ మీకు తెలిసిందే. తమిళనాడు గుడ్ల ఊరు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సమితి పెట్టి, రైతులే గుడ్డు ధర చెప్పుకునేలా చేసిన బి.వి. రావు గారు తెలుగువారు. అదే ఏడు ఇక్కడ ఎం.జి.ఆర్. సత్తుణవు పథకం, అంటే బడిపిల్లల పోషకాహార పథకం మొదలైంది, తర్వాత అందులో గుడ్డు చేరింది. కోట్ల గుడ్లకు కావలసిన మేత దావణగెరె నుంచి, గుంటూరు కృష్ణా జిల్లాల నుంచి, బీహారు నుంచి, ఇక్కడి పెరంబలూరు నుంచి రావాలి. గుడ్డు ఖర్చులో మూడింట రెండు వంతులు మేతదే.

ఇప్పుడు ఒక చిన్న గుమాస్తా లెక్క. 16 శాతం తేమ ఉన్న మక్కజొన్న 100 కిలోలు తీసుకుని 12 శాతానికి ఎండబెడితే మిగిలేది 95 కిలోల చిల్లర. నాలుగున్నర కిలోలు నీళ్ళుగా పోయాయి. ధర కిలో లెక్కన కడితే, ఎండబెట్టిన రైతు ఆ నాలుగున్నర కిలోల డబ్బు పోగొట్టుకున్నట్టే, కూలి ఖర్చు అదనం. కాబట్టి తడిగానే అమ్ముతాడు. కొన్నవాడు తడిగానే దించుతాడు, పై వర్తకుడు తడిగానే ఎక్కిస్తాడు. ఎవరికి వారు గబగబా చేయి మార్చుకుంటారు. చివరికి ఆ తడి ఆగే చోటు కోడి తొట్టి. పెద్ద ఫారం యజమాని తేమ కొలిచే మిషను పెట్టి ధర కోస్తాడు, మిగిలిన లోడును తిప్పి పంపేస్తాడు. తిప్పి పంపిన లోడు ఆవిరై పోదు కదా. అది చౌక సరుకై చిన్న దుకాణాలకు, చిన్న పెంపకందారులకు చేరుతుంది. మన సంఘంలో ఉన్నది ఎక్కువగా అలాంటివారే.

సర్కారు పద్ధతిలోనూ పాత ఆచారం జాడ ఉంది. గోదాముల్లో చెడిన ధాన్యాన్ని ఆహార సంస్థ వర్గాలుగా విడగొడుతుంది. మనిషికి పనికిరాకపోతే మేత ఒకటి, మేత రెండు, మేత మూడు. ఆ తర్వాత పరిశ్రమలకు, ఆ తర్వాత ఎరువుకు, చివర పారవేతకు. మంచి గింజ ఎంత శాతం మిగిలిందన్న లెక్క మీద ఈ విభజన. దీనికి అవసరం లేదని అనను, అంత ధాన్యాన్ని పారేయడమూ పాపమే. కానీ "మనకు వద్దనుకున్నది దానికి" అన్న మన అవ్వల మాటే అక్కడ వర్గాల పట్టికగా ఉందని గమనించమంటున్నాను.

టీకా మీద పడ్డ నింద

పోయిన ఏడు మన సభ్యురాలు ఒకావిడ, భర్త పోయాక నలభై నాటుకోళ్ళతో ఇల్లు గడుపుకునే మనిషి, కార్తీక మాసంలో పిల్లలను దాదాపు అన్నిటినీ పోగొట్టుకుంది. కొందరు దిష్టి అన్నారు. కొందరు వెళ్ళైక్కళిచ్చల్, అంటే మన కొక్కెర తెగులు, టీకా పనిచేయలేదు అన్నారు. టీకా వేసినవాళ్ళ మీద కోపం కూడా వచ్చింది. ఆ చావులకు కారణం ఇదీ అని ఇవాళ నేను తీర్పు చెప్పలేను. మేతను ఎవరూ పరీక్ష చేయించలేదు.

తెలిసిన సంగతి మాత్రం ఇది. అఫ్లటాక్సిన్ కొద్దికొద్దిగా ఒంట్లో చేరినప్పుడు కోడిని వెంటనే చంపదు. కాలేయాన్ని, తమిళంలో ఈరల్ అంటామే దాన్ని, పాడు చేస్తుంది. మేత తింటుంది గానీ ఎదగదు, గుడ్లు తగ్గుతాయి. జబ్బును ఎదిరించే శక్తి తగ్గుతుంది, వేసిన టీకా సరిగా పట్టదు. పిల్లకోళ్ళకు దెబ్బ మరీ ఎక్కువ. అంటే చంపింది కొక్కెర తెగులే అయినా, తలుపు తీసింది మేత కావచ్చు. చచ్చిన కోడిని చూస్తాం, టీకాను తిడతాం, మూటను మాత్రం అడగం.

ఇంట్లో చేయగలిగినవి

మొదటిది, తక్కువగా కొనడం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. ఇరవై కోళ్ళకు రోజుకు 2 కిలోల 200 గ్రాములు. 50 కిలోల మూట మూడు వారాల పైన వస్తుంది. వేసవిలో సరే. ఐప్పసి, కార్తీకాల్లో రెండు వారాలకు మించి నిలవ పెట్టవద్దు. ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి ఒక మూట కొని పంచుకుంటే ధరా కలిసివస్తుంది, మేతా తాజాగా ఉంటుంది.

రెండోది, ఎత్తు. మూట కింద చెక్క బల్లలుండాలి. గోడకు ఒకటిన్నర అడుగు దూరం ఉండాలి. మూట మీద మూట వేస్తే గాలి ఆడే సందు వదలాలి. ముందు వచ్చినది ముందు వాడాలి. గూడ్సు షెడ్డులో ఇదే పద్ధతి, గాదె కింద రాళ్ళు పెట్టిన మన పెద్దలదీ ఇదే పద్ధతి.

మూడోది, డబ్బా. మూత గట్టిగా పట్టే పీపా మంచిదే, కానీ ఎండిన మేతకే. పీపా అడుగున పాత పొడి ఉండగానే కొత్త మేత పోయకూడదు. ఆ పాత పొడిలోనే బూజు విత్తు ఉంటుంది. ప్రతిసారీ దులిపి, కడిగి, ఎండబెట్టి పోయాలి. పీపా నీడలో ఉండాలి, ఎండ తగిలితే లోపల చెమరుస్తుంది.

నాలుగోది, ఉప్పు సీసా. గింజ కొనేటప్పుడు తేమ మిషను లేకపోతే, ఎండిన గాజు సీసాలో మూడో వంతు గింజ, రెండు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి మూత పెట్టి కాసేపు ఆడించండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు, కొనవద్దు. అంటుకోకపోతే దానికి తక్కువ అన్నమాట. నిలవ పెట్టాలంటే అప్పటికీ ఒకటి రెండు ఎండలు అవసరమే.

ఐదోది, మందులు. ప్రొపియోనిక్ ఆమ్లం లాంటివి బూజు పెరగకుండా ఆపుతాయి, ముందే చేరిన విషాన్ని తీయలేవు. కొన్ని రకాల బంకమట్టి పొడులు కొంత విషాన్ని కడుపులో పట్టుకుని బయటికి పంపుతాయి. వాటిని నమ్ముకుని చెడ్డ మేత కొనడం గొడుగుంది కదా అని ఏట్లోకి దిగినట్టు. అనుమానం ఉంటే నామక్కల్ పశువైద్య కళాశాలలో మేత పరీక్షాశాల ఉంది. నలుగురు కలిసి ఒక నమూనా పంపినా అందరికీ తెలుస్తుంది.

ఆఖరుది, పారవేయడం. బూజు మేతను కోడికి వద్దన్నాం కదా అని ఆవుకు పెట్టకండి. ఆవు తిన్న ఈ విషం మారు రూపంలో పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన మనవలే. వీధిలో పోయకండి, కుక్కలు తింటాయి. లోతుగా గుంత తీసి పూడ్చేయండి. మూట ఖరీదు గుర్తొచ్చి చెయ్యి రాదు, నాకు తెలుసు. ఆ ఖరీదును నలభై కోడిపిల్లల ఖరీదు పక్కన పెట్టి చూడండి.

వచ్చే కూటానికి రెండు పనులు పెట్టుకుందాం. మూటలు కలిసి కొనడానికి ఎవరెవరు సిద్ధమో పేర్లు రాయించండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే గాదె, పాతర, కుదిరు గురించి వాళ్ళకు గుర్తున్న మాటలు అడిగి రాసుకు రండి. ఏ గింజ ఎన్నాళ్ళు నిలిచేది, ఏ ఆకు కలిపేవారు, వాన నెలల్లో ఏం చేసేవారు అని. మనుషుల తిండికి వాళ్ళు చూపిన ఆ జాగ్రత్తలో ఒక వంతు కోడి తొట్టి దాకా తీసుకుపోతే చాలు.